తిలంగానీ గోరీ దాకా

శుక్రవారం

కాజీపేటలో పొద్దున్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, బాపు, నేను. అమ్మ మోకాళ్ల నొప్పులని రానంది. బాపు హనుమకొండలో సోషల్ సారుగా రిటైరయ్యాడు. ఢిల్లీ సుల్తానులు, మొఘలులు, 1857 తిరుగుబాటు, అన్నీ పిల్లలకు చెప్పీ చెప్పీ కంఠతా వచ్చిన పాఠాలే. ఢిల్లీ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఫ్లైట్‌లో పోదామంటే ఒప్పుకోలేదు. రైలు దారే కావాలన్నాడు. ఎందుకో రాత్రి తెలిసింది. ఇటార్సి దాటాక నర్మద వంతెన వస్తుంది. అది రాకముందే లేచి, శాలువా కప్పుకుని బోగీ తలుపు దగ్గరకు పోయి నిలబడ్డాడు. 1323లో ఓరుగల్లు కోట పడిపోయాక ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. బయట నీళ్లు కనబడనంత చీకటి. వంతెన ఇనుప చప్పుడు తప్ప ఏమీ లేదు. "గీ నదే బిడ్డా" అన్నాడు బాపు. అంతకుమించి ఏమీ అనలేదు.

రాజు ఢిల్లీ చేరలేదు గానీ ఆయనతో పాటు పట్టుబడిన సేనాని ఒకాయన చేరాడు. మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఏకంగా వజీరయ్యాడు, ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో. ఊరి పేరు మాత్రం వదల్లేదు, ఢిల్లీ వాళ్లు ఆయన్ని తిలంగానీ అనే పిలిచారు. గన్నమ నాయకుడు ఈయనేనని మన చరిత్రకారులు అంటారు. చదవడం, రాయడం రాదట, బుద్ధి మాత్రం మహా పదునట. సుల్తాను దండయాత్రలకు పోతే ఢిల్లీని చూసుకున్నది ఈయనే. ఆయన గోరీ నిజాముద్దీన్ బస్తీలో ఉంది. ఎర్రకోట, ఇండియా గేటు నా లిస్టు. బాపు లిస్టులో ఉన్నది అదొక్కటే.

ఢిల్లీకి పోయేవాళ్లు ముందు వారాలు చూసుకోవాలి. సోమవారం ఎర్రకోట మూత, నేషనల్ మ్యూజియం మూత, అక్షరధామ్, లోటస్ టెంపుల్ కూడా మూతే. ఆదివారం పాత ఢిల్లీలో హోల్‌సేల్ బజార్లు ఉండవు. గురువారం సాయంత్రం నిజాముద్దీన్ దర్గాలో ఖవ్వాలీ ఉంటుంది. ఆదివారం ఏపీ భవన్ క్యాంటీన్‌లో బిర్యానీ ఉంటుంది. ఈ నాలుగూ కాగితం మీద పెట్టుకుంటే మిగతా ప్రోగ్రాం దానంతటదే తయారవుతుంది. మేమూ అలాగే వేసుకున్నాం.

శనివారం

న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు ముఖాలు. ఒకవైపు పహాడ్‌గంజ్, ఇంకోవైపు అజ్మేరీ గేట్. మెట్రో అజ్మేరీ గేట్ వైపు ఉంది. దిగీ దిగగానే "టికెట్ చూపించండి, హోటల్ ఎక్కడ, టూరిస్ట్ ఆఫీసుకు తీసుకుపోతా" అంటూ వెంటపడేవాళ్లు ఉంటారు. ఎవరికీ జవాబు చెప్పకుండా నేరుగా మెట్రోలోకి దిగడం మేలు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లకైతే ఇది మరీ మరీ చెబుతాను.

కౌంటర్లో ఇద్దరికీ చెరో స్మార్ట్ కార్డు తీసుకున్నాను. ప్రయాణానికి పది శాతం తగ్గుతుంది, అంతకంటే ముఖ్యం ప్రతి స్టేషన్లో లైను తప్పుతుంది. సెక్యూరిటీ చెక్ దగ్గర మాత్రం లైను తప్పదు. ఎల్లో లైన్‌లో ఒక్క స్టేషన్ పోతే రాజీవ్ చౌక్. అక్కడ బ్లూ లైన్‌కు మారితే మూడో స్టేషన్ కరోల్ బాగ్, మా హోటల్ అక్కడే. రాజీవ్ చౌక్‌లో పొద్దున ఆఫీసు టైములో అడుగు వేయనివ్వరు, జనమే తోసుకుపోతారు. కాస్త ఆగి పదిన్నర దాటాక కదిలితే పెద్దవాళ్లకు సుఖం. మొదటి పెట్టె ఆడవాళ్లది. నేను అందులో, బాపు వెనక పెట్టెలో అంటే కుదరదు కాబట్టి రోజూ ఇద్దరం మామూలు పెట్టెలోనే ఎక్కాం. ఒక్కరోజు కూడా బాపు నిలబడాల్సి రాలేదు. తల నెరిసిన మనిషి కనబడగానే కాలేజీ పిల్లలు "బైఠియే అంకల్" అని లేచి నిలబడేవాళ్లు.

ఝండేవాలాన్ దాటగానే కిటికీలో నూటెనిమిది అడుగుల ఆంజనేయుడు ప్రత్యక్షమయ్యాడు, రైలు ఆయన భుజాల పక్కనుంచి పోతున్నట్టుగా. బాపు దండం పెట్టుకున్నాడు. "ఇగ మంచిగ జరుగుతది" అన్నాడు.

మధ్యాహ్నం దాకా పడుకుని, బారాఖంబా రోడ్ స్టేషన్లో దిగి అగ్రసేన్ కీ బావ్‌లీకి నడిచాం. చుట్టూ ఆఫీసుల అద్దాల మేడలు. మధ్యలో ఒక సందు తిరిగితే నేల ఒక్కసారిగా విచ్చుకుని నూటికి పైగా మెట్లు కిందికి దిగిపోతాయి. అరవై మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు. రెండు వైపులా మూడంతస్తుల తోరణాలు. వరంగల్‌లో బాగుచేసిన శివనగర్ మెట్ల బావి చూసినవాళ్లకు ఇది చుట్టమే. ఫోటోలు దిగే పిల్లలతో మెట్లన్నీ నిండిపోయాయి. బాపు సగం దాకా దిగి, అక్కడ కూర్చుని రాళ్ల అతుకులు చేత్తో తడిమి చూశాడు.

చీకటి పడ్డాక బంగ్లా సాహిబ్ గురుద్వారా. 1664లో ఎనిమిదో గురువు హర్‌కిషన్ బస చేసిన చోటు ఇది, అప్పట్లో రాజా జైసింగ్ బంగళా. తలకు గుడ్డ కట్టుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాం. కోనేటి ఒడ్డున పాలరాయి మీద చలి అరికాళ్లకు ఎక్కుతోంది. ఫిబ్రవరి అంటే మనకు ఎండలు మొదలయ్యే నెల, ఇక్కడ మాత్రం స్వెట్టర్ లేనిదే సాయంత్రం గడవదు. లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, నేల మీద వరుసగా కూర్చుంటే రొట్టెలు రెండు చేతులూ చాపి అందుకోవాలి. ఒక్క చేయి చాపిన బాపుకు వడ్డించే పెద్దాయన నవ్వుతూ రెండో చేయి కూడా చాపమన్నాడు. పప్పు, కూర, పాయసం. ఢిల్లీలో మొదటి భోజనం ఎక్కడ చేయాలని ఎవరడిగినా నేను ఈ పేరే చెబుతాను.

ఆదివారం

సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్ నుంచి కర్తవ్యపథ్ మీద నడక. ఒక కొసన రాష్ట్రపతి భవన్, రెండో కొసన ఇండియా గేటు. లుట్యెన్స్ గీసిన ఈ దారి మనుషులు నడవడానికి వేసింది కాదు, ఊరేగింపులకు వేసింది. కాళ్ల సత్తువ ఉంటేనే నడవండి, లేకపోతే ఆటో ఎక్కండి. బాపు నడుస్తానన్నాడు, రెండు చోట్ల బెంచీ మీద కూర్చున్నాడు.

ఇండియా గేటు 1931లో పూర్తయింది. 42 మీటర్ల ఎత్తు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ, అఫ్గాన్ యుద్ధంలోనూ బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడి చనిపోయిన పదమూడు వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. వెనక ఉన్న గొడుగు మండపం కింద ఇప్పుడు నేతాజీ నల్లరాతి విగ్రహం. ఆ రాయి ఖమ్మం నుంచి వచ్చింది. 280 టన్నుల ఏకశిలను 140 చక్రాల ట్రక్కు మీద 1,665 కిలోమీటర్లు తీసుకొచ్చి, 28 అడుగుల విగ్రహంగా చెక్కారు. మన గ్రానైట్ కిచెన్ గట్లకే పోతుందనుకుంటాం. ఇక్కడ దేశం మొత్తం తల ఎత్తి చూస్తోంది.

పక్కనే నేషనల్ వార్ మెమోరియల్, 2019 ఫిబ్రవరిలో తెరిచారు. ప్రవేశం ఉచితం. ఇండియా గేటు దగ్గర ఫోటో దిగి వెనక్కి తిరిగేవాళ్లు చాలామంది దీన్ని చూడకుండానే పోతున్నారు, అది నాకు బాధ అనిపించింది. స్వాతంత్ర్యం తర్వాత ప్రాణమిచ్చిన పాతికవేల మందికి పైగా సైనికుల పేర్లు చక్రాకారపు గోడల మీద, ఒక్కో రాతి ఇటుకకు ఒక్కో పేరు చొప్పున బంగారు రంగు అక్షరాల్లో ఉన్నాయి. మేం 2020 గల్వాన్‌లో పోయినవాళ్ల కోసం వెతికాం. సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు పేరు కోసం. అక్కడి జవాన్‌ను అడిగితే దగ్గరకు తీసుకుపోయి చూపించాడు. బాపు చెప్పులు పక్కన విడిచి ఆ ఇటుక ముందు నిలబడ్డాడు. చెప్పులు విడవాలని అక్కడ ఎవరూ అడగరు.

మధ్యాహ్నం నడిచి ఏపీ భవన్ క్యాంటీన్. మెట్రోలో రావాలంటే మండీ హౌస్ దగ్గర. ఆదివారం బిర్యానీ కోసం కూపన్ల లైను వాకిలి దాటింది. ఆ లైనులో తెలుగు మాట తక్కువ, హిందీ, పంజాబీ ఎక్కువ. పిల్లలతో వచ్చిన ఒక సర్దార్జీ కుటుంబం మా టేబుల్ దగ్గరే కూర్చుంది. ఆయన మిర్చీ కా సాలన్ ఇంకో గిన్నె అడిగి పోయించుకుంటుంటే బాపు ముఖంలో ఆడపిల్లను మంచి ఇంట్లో ఇచ్చినంత సంతోషం.

తిన్నాక నేషనల్ మ్యూజియం. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేం. మొహెంజొదారో నాట్యకత్తె దగ్గర ఆగాలి. జానెడు కూడా లేదు, 10.5 సెంటీమీటర్లు. నడుము మీద చేయి పెట్టుకుని నాలుగు వేల ఏళ్లకు పైగా అదే ధీమా. తర్వాత నాగార్జునకొండ శిల్పాలు. సాగర్ నీళ్ల కింద మునిగిన ఊళ్ల రాళ్లు ఇవి. మనుషుల వంపులు, ముఖాల్లో కదలిక చూస్తుంటే మ్యూజియం మూసే వేళైందని గార్డు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

సోమవారం

మ్యూజియంలు మూసే రోజు కాబట్టి దక్షిణ ఢిల్లీ. కుతుబ్ మినార్ అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. ఎల్లో లైన్‌లో అదే పేరుతో స్టేషన్ ఉంది గానీ దిగాక ఇంకా కిలోమీటరు మీద నడవాలి. స్టేషన్ బయట షేర్ ఈ-రిక్షాలు దొరుకుతాయి.

కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, ఇల్‌టుట్‌మిష్ పైకి లేపాడు, పిడుగు పడి దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ పై అంతస్తులు తిరిగి కట్టించాడు. అందుకే కిందంతా ఎర్రరాయి, పైన పాలరాయి. దాదాపు 73 మీటర్లు. లోపల 379 మెట్లున్నా ఎక్కనివ్వరు. 1981లో లోపల కరెంటు పోయి జరిగిన తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటి నుంచీ తలుపు మూసే ఉంది. బడిపిల్లలను టూర్లకు తిప్పిన మనిషి బాపు. ఆ తలుపు ముందు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ల నాటిది, గుప్తుల కాలం. ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం వల్ల పైన సన్నటి పొర ఏర్పడి తుప్పును ఆపుతోందని ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు తేల్చారు. ఇదివరకు జనం వెనక్కి తిరిగి చేతులతో కౌగిలించుకునేవాళ్లు, ఇప్పుడు చుట్టూ కటకటాలు. ఆ చేతులు రాసుకున్న మేర మాత్రం ఇంకా నున్నగా మెరుస్తోంది.

పక్క మసీదును ఇరవై ఏడు గుళ్ల రాళ్లతో కట్టామని తూర్పు ద్వారం మీద కట్టినవాళ్లే రాయించారు. స్తంభాల మీద గంటలు, గొలుసులు, పూర్ణకలశాలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. వెయ్యి స్తంభాల గుడి చూస్తూ పెరిగిన కళ్లకు అవి చటుక్కున దొరుకుతాయి.

బాపు పాఠం మొదలుపెట్టింది అలాయీ దర్వాజా దగ్గర. అల్లావుద్దీన్ ఖిల్జీ 1311లో కట్టించిన ద్వారం అది. "తారీఖులు చూడు బిడ్డా. ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లుకు వచ్చి, ప్రతాపరుద్రుని దగ్గర ఏనుగులు, గుర్రాలు, ధనం తీస్కపోయింది 1310ల. దర్వాజా లేచింది 1311ల." ఆ సొమ్ముతోనే కట్టారని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఆ రెండు అంకెలు పక్కపక్కన విన్నాక ఆ ఎర్రరాతి చెక్కడాన్ని నేను ఇంతకుముందులా చూడలేకపోయాను. కాస్త అవతల అలాయీ మినార్. కుతుబ్‌కు రెట్టింపు ఎత్తు కట్టాలనుకున్నాడు ఖిల్జీ. 1316లో పోయాడు, మొదటి అంతస్తు దగ్గరే ఆగిపోయింది. మొండి రాళ్ల గుట్ట, మీద చిలకలు.

సాయంత్రం మాళవీయ నగర్ స్టేషన్లో దిగి ఖిడ్కీ మసీదుకు పోయాం. రోడ్డుకు ఒకవైపు సాకేత్ మాల్స్, దీపాలు, కార్లు. ఇంకోవైపు ఊళ్లో ఇళ్ల మధ్య నల్లగా ఒక కోట లాంటి కట్టడం. చూడటానికి మేం తప్ప ఇద్దరో ముగ్గురో ఉన్నారు. దీన్ని కట్టించింది తిలంగానీ కొడుకు జునాన్ షా. తండ్రి తర్వాత ఆయనే వజీరు. ఢిల్లీలో ఏడు మసీదులు కట్టించాడని పేరు. కప్పంతా చిన్న చిన్న గుమ్మటాలు, మధ్యలో వెలుతురు కోసం కప్పు లేని నాలుగు వాకిళ్లు, గోడలకు రాతి జాలీలు. లోపల గబ్బిలాల వాసన. బాపు చుట్టూ తిరిగి, మూల బురుజు దగ్గర ఆగి, పై నుంచి కింది దాకా చూసి, "గిది మన ఖుష్ మహల్ లెక్కనే లేదూ?" అన్నాడు. నిజమే. ఓరుగల్లు కోటలో ఖుష్ మహల్ గోడలు కూడా ఇలాగే కింద లావుగా, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతూ ఉంటాయి. తుగ్లక్ మేస్త్రీల చేతి పని అది. పుస్తకంలో చదివిన మాట వేరు, రెండు గోడలూ చూసిన మనిషి పోల్చి చెబితే వేరు.

మంగళవారం

కరోల్ బాగ్ నుంచి బ్లూ లైన్‌లో మండీ హౌస్, అక్కడ వయొలెట్ లైన్‌కు మారి లాల్ ఖిలా స్టేషన్. పైకి రాగానే ఎదురుగా కోట గోడ. పాత ఢిల్లీకి ట్రాఫిక్‌లో పోయే కష్టం ఈ ఒక్క లైనుతో తీరిపోయింది.

షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648లో ముగించిన కోట. లాహోరీ గేటు, దాని మీద జెండా. భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారి గురించి బాపు గేటు కిందే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. బిహార్ నుంచి వచ్చిన బడిపిల్లలు చుట్టూ చేరారు. బాపుది మన వైపు ఉర్దూ, "ఆతూఁ, జాతూఁ" అంటుంటే వాళ్లు కిలకిలా నవ్వారు, కానీ ఒక్కరూ కదల్లేదు. దివాన్-ఎ-ఖాస్ దాకా మాతోనే వచ్చారు. నెమలి సింహాసనం ఉన్న చోటు అది. 1739లో నాదిర్ షా దాన్ని ఎత్తుకుపోయాడు, కోహినూరునూ పట్టుకుపోయాడు. కోహినూరు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు, ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. అదే దివాన్-ఎ-ఖాస్‌లో 1858లో కడపటి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను ముద్దాయిగా నిలబెట్టి రంగూన్‌కు పంపారు. 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణ కూడా ఈ కోటలోనే. ఒక పిల్లాడు "సర్, ఆప్ కిస్ స్కూల్ మేఁ పఢాతే హైఁ?" అని అడిగాడు. రిటైరయ్యానని చెప్పడానికి బాపుకు మనసొప్పలేదు. "వరంగల్ మేఁ" అన్నాడు.

చాందినీ చౌక్‌లో పగలు మోటారు బండ్లు రానివ్వడం లేదు, సైకిల్ రిక్షాలే. నడవడానికి ఎర్రరాతి దారి, అక్కడక్కడా కూర్చోవడానికి దిమ్మెలు. 1675లో గురు తేగ్ బహదూర్ తల తీసిన చోట శీశ్‌గంజ్ గురుద్వారా ఉంది, కీర్తన వీధిలోకి వినబడుతుంది. దరీబా మలుపులో నెయ్యి జిలేబీ మన జిలేబీకి రెండింతల లావు. చలికాలంలోనే దొరికే దౌలత్ కీ చాట్ ఇంకా అమ్ముతున్నారు. పేరు చాట్ అయినా తీపి వంటకం. పాల నురుగు మీద కుంకుమపువ్వు, కోవా తురుము, చక్కెర. చెంచాతో నోట్లో పెట్టుకుంటే ఉందో లేదో తెలియకముందే కరిగిపోతుంది. ఎండ ముదిరితే నురుగు దిగిపోతుంది కాబట్టి పొద్దున్నే తినాలి.

ఫతేపురీ మసీదు దాటితే ఖారీ బావ్‌లీ, దేశంలోకెల్లా పెద్ద మసాలా బజారు. సందు మొదట్లోనే దగ్గు అందుకుంది. హమాలీలు మిర్చి బస్తాలు వీపు మీద పెట్టుకుని "సైడ్, సైడ్" అంటూ పరుగెడుతుంటే, అందరూ తుమ్ముతూనే దారి ఇస్తారు. కొట్టు యజమానిని సరుకు ఎక్కడిదని అడిగాను. "తేజా. గుంటూర్, ఖమ్మం" అన్నాడు. "వరంగల్ చపాట లేదా?" అన్నాడు బాపు పట్టుదలగా. ఆ యజమాని లోపలికి పోయి పొట్టిగా, గుండ్రంగా, టమాటా ముక్కల్లా ఉన్న ఎర్ర మిర్చి గుప్పెడు తెచ్చి పోసి చూపించాడు. రంగుకు తీసుకుంటారట, కారం తక్కువ. బాపు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, టీ కూడా పోయించాడు.

జామా మసీదు మెట్ల మీద సాయంత్రం. 1656లో పూర్తయిన ఆ మెట్ల మీద ఊరు ఊరంతా కూర్చుంటుంది. కాళ్లు ఇక సహకరించక, లోపల ఒక చుట్టు చుట్టి వచ్చేశాం.

బుధవారం

బాపుకు పిక్కలు పట్టేశాయి. ఆలస్యంగా లేచి, రెండే చోట్లు పెట్టుకున్నాం.

లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషన్ నుంచి ఆటోలో గాంధీ స్మృతి. బాపూజీ చివరి 144 రోజులు గడిపిన ఇల్లు. గది నుంచి ప్రార్థన స్థలం దాకా ఆయన నడిచిన అడుగులను సిమెంటు పాదాలుగా పోసి ఉంచారు. పక్కన గడ్డి మీద నడుస్తూ ఆ పాదాల వెంట పోతే, చివరి పాదం తర్వాత ఇంకొకటి ఉండదు. రాజ్‌ఘాట్ కంటే ఇక్కడికే ముందు రావాలని నా అభిప్రాయం.

మధ్యాహ్నం మళ్లీ ఏపీ భవన్, ఈసారి పప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర. మెట్రో మ్యాపులో పింక్ లైన్ మీద బాపు ఒక పేరు పట్టుకున్నాడు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారే. 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి తెలుగు పిల్లలకు బడి తెరిచింది ఆవిడే.

సాయంత్రం లోధీ గార్డెన్. అక్కడ సయ్యద్ వంశపు మొహమ్మద్ షా గోరీ ఉంది, పదిహేనో శతాబ్దానిది. ఎనిమిది పలకల గది, చుట్టూ వరండా, పలకకు మూడు తోరణాలు, పైన గుమ్మటం. "దీన్ని మంచిగ గుర్తు పెట్టుకో. రేపు పని ఉన్నది" అన్నాడు బాపు.

గురువారం

లగేజీ నిజాముద్దీన్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పడేసి హుమాయూన్ గోరీకి పోయాం. 1993 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. తాజ్‌మహల్‌కు ముందు నడిచిన దారి ఇదే. 1857 సెప్టెంబరులో బహదూర్ షా జఫర్ పట్టుబడింది కూడా ఇక్కడే. బాపు మాత్రం ముందు కుడివైపు తిరిగి ఈసా ఖాన్ గోరీలోకి నడిచాడు, 1547 నాటిది. చూడగానే నాకు వెలిగింది. అదే ఎనిమిది పలకలు, అదే వరండా, అవే మూడేసి తోరణాలు.

అక్కడి నుంచి రోడ్డు దాటి నిజాముద్దీన్ బస్తీ. కబాబు పొగ, అత్తరు, గులాబీ బుట్టలు, టోపీల కొట్లు. దర్గా వైపు పోయే జనంలో నుంచి పక్కకు తప్పుకుని, తిలంగానీ మఖ్బరా ఎక్కడని అడుగుతూ పోయాం. ఇద్దరు తెలియదన్నారు. మూడో మనిషి, ఒక ముసలి దర్జీ, మిషన్ ఆపి పిల్లవాడిని తోడిచ్చి పంపాడు. రెండు సందులు తిరిగి ఆగాడు వాడు. ముందుగా కనబడింది గుమ్మటం. కింద అంతా ఇళ్లే. బట్టలు ఆరేసిన తీగలు, నీళ్ల డ్రమ్ములు, తోరణాల మధ్య కట్టిన ఇటుక గోడలు. ఆ గోడల వెనక నుంచి పలక ఒకటి, ఇంకొకటి, మూడేసి తోరణాల వరస, ముందుకు చొచ్చిన చూరు రాళ్లు. బాపు వేలితో లెక్కపెడుతూ ఒక్కో పలక చూపించాడు.

"నిన్న తోటల చూసినది, ఇయ్యాల పొద్దుగాల చూసినది, రెండూ దీని పిల్లలే బిడ్డా" అన్నాడు. ఢిల్లీలో ఎనిమిది పలకల గోరీ మొదట కట్టింది ఇదే. జునాన్ షా తండ్రి కోసం కట్టించాడు. తర్వాత సయ్యద్‌లు, లోధీలు, సూరీలు రెండు వందల ఏళ్ల దాకా దీన్నే నమూనాగా పెట్టుకున్నారు. ఓరుగల్లులో సేనానిగా మొదలైన మనిషికి ఢిల్లీ సుల్తానుల తోటల్లో ఇన్ని నీడలు ఉన్నాయి. టూరిస్టు బస్సులు మాత్రం అర కిలోమీటరు అవతలే ఆగుతాయి.

ఒకావిడ తలుపు తీసి ఎవరు మీరు అంది. తెలంగాణ నుంచి వచ్చామని, ఈయన మా ఊరివాడని చెప్పాం. ఆవిడకు వింతగా అనిపించింది గానీ బాపుకు కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. ఇక్కడే పుట్టామని, గోరీ అని తెలుసు గానీ ఎవరిదో తెలియదని చెప్పింది. బాపు తన ఉర్దూలో కథంతా చెప్పాడు. ఆవిడ కోడలిని, పిల్లలను కూడా పిలిచి కూర్చోబెట్టింది. ఆ ఇళ్లవాళ్ల మీద నాకు కోపం రాలేదు. తలదాచుకోవడానికి చోటు లేనివాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లకు వేరే ఇల్లు చూపించి ఈ రాళ్లను కాపాడటం చేతనయ్యే పనే అని మాత్రం గట్టిగా అనిపించింది. పక్కనే హుమాయూన్ గోరీని, ఈసా ఖాన్ తోటను ఎంత అందంగా బాగుచేశారో చూసి వచ్చాం కదా.

సాయంత్రం దర్గా. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా, ఆయన శిష్యుడైన కవి అమీర్ ఖుస్రో ఇద్దరూ 1325లోనే పోయారు, గోరీలు ఒకే ఆవరణలో. కాఫూర్ ఓరుగల్లు ముట్టడిని ఫార్సీలో వర్ణించి రాసినవాడు ఈ ఖుస్రోనే. ముట్టడి కథ రాసినవాడూ, ఆ కోట నుంచి వచ్చి వజీరైనవాడూ ఒకే బస్తీలో పడుకున్నారు. ఔలియా గోరీ గదిలోకి ఆడవాళ్లను పోనివ్వరు, నేను జాలీ పక్కన కూర్చున్నాను. ఖవ్వాలీ మొదలయ్యాక హార్మోనియం, చప్పట్లు, ముసలి గొంతు ఎత్తుకున్న చోట పిల్ల గొంతు అందుకోవడం. జనం పెరుగుతారు కాబట్టి పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు ముందే చేరుకుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. చెప్పులు డబ్బులిచ్చి కొట్టులో పెట్టడమే మంచిది.

నిజాముద్దీన్ స్టేషన్ అక్కడికి పది నిమిషాల ఆటో. రాత్రి దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కీ ఎక్కగానే బాపు సంచిలో నుంచి నోట్‌బుక్ తీసి నా చేతికిచ్చాడు. తన రాత గీతలు గీతలుగా వస్తోందట, నన్ను రాయమన్నాడు. అధికారులకు ఉత్తరం. గోరీకి దారి చూపే బోర్డు ఒకటి పెట్టాలి, అందులో ఆయన పేరుతో పాటు ఓరుగల్లు పేరు కూడా ఉండాలి, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కింద తెలుగులో కూడా రాయాలి, అక్కడి కుటుంబాలకు ఇళ్లు ఇచ్చాకే మరమ్మతు మొదలుపెట్టాలి. తారీఖులు తప్పు పోకుండా రెండుసార్లు చదివించుకున్నాడు. మథుర వచ్చేసరికి సంతకం కూడా పెట్టేశాడు.